షమీం పాఠం వెంట రేపల్లె దాకా

మా అనంతపురం కాలేజీలో ఇంగ్లీషు డిపార్ట్‌మెంటుకు ఇరవై ఎంపీత్రీ ప్లేయర్లు వచ్చాయి. వచ్చిన రోజే ప్రిన్సిపాల్ గారు వాటిని బీరువాలో పెట్టి తాళం వేశారు. పిల్లల చేతికిస్తే సినిమా పాటలు నింపుకుంటారని ఆయన భయం. అబద్ధమెందుకు, ఆ భయం నాకూ ఉండేది. ఇన్నేళ్ళూ సుద్దముక్కతో, గొంతుతో పాఠం చెప్పినదాన్ని. అగ్గిపెట్టంత డబ్బా నాకంటే బాగా చెబుతుందంటే నమ్మబుద్ధి కాలేదు.

తెనాలిలో ఒక కాలేజీలో ఈ పద్ధతి బాగా నడుస్తోందని ఎవరో ఆయన చెవిన వేశారు. "మీరు వెళ్ళి చూసి రండి మేడం. మీరు వద్దంటే బీరువాలోనే ఉంచేద్దాం," అన్నారు. రెండువేల ఎనిమిది మార్చి, ఎండలు ముదురుతున్న రోజులు. క్లాసు చూసి, నోరారా నాలుగు విమర్శలు చేసి, వచ్చేదారిలో బాపట్ల సముద్రంలో కాళ్ళు తడుపుకుని రావాలని నా పథకం. సముద్రం చూడనే లేదు. ఎందుకు చూడలేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

తెనాలి

స్టేషనుకు సుభాషిణి వచ్చింది. ఆ కాలేజీలో ఇంగ్లీషు లెక్చరర్. ఎప్పుడో ఒక రిఫ్రెషర్ కోర్సులో నా పక్క గదిలో ఉండేది. అప్పటినుంచి నన్ను అక్కా అంటుంది. మెత్తటి మనిషి. నాలాగా చీటికీ మాటికీ చిర్రుబుర్రులాడే రకం కాదు.

"ముందు టిఫినక్కా, తర్వాతే పాఠాలు," అని హోటలుకు లాక్కెళ్ళింది. ఇడ్లీల మీద కారప్పొడి గుట్టగా వేసి, పైన నెయ్యి ధార కట్టారు. ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని పెరిగిన నోరు నాది, కారానికి జడిసేదాన్ని కాను. అయినా రెండో ఇడ్లీకే కళ్ళ వెంట నీళ్ళు. వడ్డించే ఆయన నవ్వి, "సీమ నుంచి వచ్చి మా కారానికి ఏడుస్తున్నారేంటండీ!" అన్నాడు. నా యాస పట్టేశాడన్నమాట. ప్లేటు ఎనిమిది రూపాయలు. మా ఊళ్ళో అయిదుకే వస్తుంది గానీ ఆ నెయ్యి రాదు.

సుభాషిణి పద్ధతి ఇదీ. వారానికో పాఠం ఇంట్లో కూర్చుని తన గొంతుతో రికార్డు చేస్తుంది. పిల్లలు వరసగా వచ్చి డిపార్ట్‌మెంటు కంప్యూటరుకు తమ ప్లేయర్లు తగిలించి ఆ పాఠం ఎక్కించుకుంటారు. బస్సులో, వంటింట్లో, ఎక్కడ కుదిరితే అక్కడ వింటారు. వారం చివర అదే ప్లేయర్లో తమ మాటలు రికార్డు చేసి తెస్తారు. బాగున్నవాటిని ఆమె కాలేజీ వెబ్‌సైటులో పెడుతుంది. దాన్నే పాడ్‌కాస్ట్ అంటారట. పేరు ఘనంగానే ఉంది అనుకున్నాను.

కొల్లూరు లంకల నుంచి వచ్చే ఒక అమ్మాయిని అడిగాను, ఇందులో నీకు ఒరిగిందేంటమ్మా అని. "మా నాన్న అరటి గెలలు కోస్తుంటే గట్టు మీద కూర్చుని వింటానండి. అర్థం కాకపోతే వెనక్కి తిప్పి మళ్ళీ వింటా. క్లాసులో అయితే మేడంని అన్నిసార్లు చెప్పమని అడగలేం కదండీ," అంది. నా క్లాసులో ఎవరూ మళ్ళీ చెప్పమని అడగరు. అందరికీ అర్థమవుతుందనే ఇన్నాళ్ళూ మురిసిపోయాను.

బాగానే ఉందని ఒప్పుకోబోతుంటే మూడో బెంచీ చివర ఖాళీ చోటు కనిపించింది. పక్కనున్న పిల్లలు అటు జరగకుండా ఆ చోటు అలాగే వదిలేశారు. అది షమీంది. క్లాసులోకల్లా బాగా మాట్లాడే అమ్మాయి. వాళ్ళ నాన్న మస్తాన్ పరుపులు కుడతాడు. ఇంట్లో జరిగే పని గురించి మాట్లాడమని సుభాషిణి చెబితే, ఆ అమ్మాయి పరుపు ఎలా తయారవుతుందో చెబుతూ రికార్డు చేసింది. వెనకాల దూది ఏకే విల్లు చప్పుడు కూడా వినిపిస్తూ ఉంటుంది. అది నచ్చి సుభాషిణి వెబ్‌సైటులో పెట్టింది. దాన్ని ఎవరో ఇంటర్నెట్ సెంటర్లో సెల్‌ఫోనులోకి దింపుకున్నారు. ఆ ఫోను నుంచి ఇంకో ఫోనుకి, అక్కణ్ణుంచి మరో ఫోనుకి బ్లూటూత్‌లో పాకిపోయింది.

"ఆడపిల్ల గొంతు ఊరంతా తిరుగుతోందని వాళ్ళ నాన్న కాలేజీ మానిపించేశాడక్కా," అంది సుభాషిణి. "ఇంటికి వెళితే తలుపు తియ్యలేదు. సోమవారం నుంచి పరీక్షలు. అవి రాయకపోతే ఇక ఆ పిల్ల చదువు అయిపోయినట్టే."

ఆ రోజు గురువారం. "పద, నేనూ వస్తాను. ఎలా తియ్యడో చూస్తాను," అన్నాను. నా నోటి మీద నాకంత నమ్మకం.

దారిలో టీ తాగడానికి ఆగాం. మూడు రూపాయల టీలో ఆరు రూపాయల చక్కెర. పక్క బల్ల మీద ఇద్దరు యువకులు ఒక సెల్‌ఫోను మధ్యలో పెట్టుకుని వింటున్నారు. అందులోంచి ఆడపిల్ల ఇంగ్లీషు, వెనకాల టంగు టంగుమని విల్లు. సుభాషిణి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఉన్నట్టుండి ఇద్దరూ పగలబడి నవ్వారు. ఆ పిల్ల ఇంగ్లీషుకే నవ్వారనుకున్నాను, ఒళ్ళు మండిపోయింది. లేచి వాళ్ళ ముందు నిలబడ్డాను.

"ఏం నాయనా, నువ్వొక్క వాక్యం ఇంగ్లీషులో మాట్లాడు, మేమూ నవ్వుతాం."

అతను కంగారుగా లేచాడు. "నవ్వింది ఇంగ్లీషుకి కాదండీ..." ఇంకేదో చెప్పబోయాడు. రెండో అతను భుజం పట్టి లాక్కుపోయాడు. నా కోపంలో ఆ మాట పట్టించుకోలేదు.

మస్తాన్ ఇంటికి తాళం వేసి ఉంది. పక్కింటావిడ గుమ్మంలోంచే మమ్మల్ని ఎగాదిగా చూసింది. "మీరు ఆ కాలేజీ మేడమే కదండీ? చేసింది చాలదా?" అంది. సుభాషిణి తల దించుకుంది. ఆవిడ మనసు కాస్త కరిగినట్టుంది. "బాపట్ల అవతల పిట్టలవానిపాలెంలో ఏదో పనుందని ఎళ్ళారండి. ఆడ శేషమ్మగారని ఉంటారు, ఏటా ఆళ్ళకి కుడతాడు. సామాను కూడా ఏసుకెళ్ళారు. మళ్ళీ వస్తారో రారో," అని తలుపేసుకుంది.

బాపట్ల మీదుగా పిట్టలవానిపాలెం

శుక్రవారం పొద్దున్నే పాసింజరెక్కాం. సుభాషిణి సెలవు పెట్టింది. రైల్లో ఆమె ఒక్క మాటా మాట్లాడలేదు. నాకేమో మౌనం పడదు, కనిపించినవన్నీ అడుగుతూ వచ్చాను. మాకు నీళ్ళంటే బోర్ల అడుగునుంచి తోడుకునే వస్తువు. ఇక్కడ పట్టాల పక్కనే కాలవలు, వరి కోసేసిన మళ్ళలో మళ్ళీ మినుము. మా రైతు చూస్తే ఏడుస్తాడు.

బాపట్లలో దిగాక ఆటో ఆయన, "సముద్రానికా అండీ?" అన్నాడు. పిట్టలవానిపాలెం అనగానే అతని ఉత్సాహం సగం తగ్గింది, రేటు మాత్రం తగ్గలేదు. దారి పొడవునా రోడ్డు మీదే మినుము కట్టె పరిచారు, బళ్ళు తొక్కితే గింజ రాలుతుందని. ఆ దుమ్ము ఒంటి మీద పడితే దురద. శేషమ్మగారి ఇల్లు దొరికేసరికి నేను మెడంతా గోక్కుంటున్నాను. ఆవిడ ఎవరు ఏంటని అడక్కుండానే పెరట్లోకి తీసుకెళ్ళి నీళ్ళిచ్చింది.

"మస్తానా? పొద్దున్నే ఎళ్ళిపోయాడమ్మా రేపల్లె. ఆడ ఆళ్ళావిడ అక్కగారిల్లుంది, స్టేషను దగ్గరే," అంది. మా ప్రాణం ఉసూరుమంది. "ఇంత ఎండలో వచ్చారు. అన్నం తిని ఎళ్ళండి."

వద్దన్నా వినలేదు. గోంగూర, పప్పు, ఎండు రొయ్యల వేపుడు, గడ్డపెరుగు. భోజనం దగ్గర శేషమ్మగారి భర్త మంచం మీదున్న కొత్త పరుపును వేళ్ళతో నొక్కి నొక్కి చూస్తున్నాడు. ఒక మూల నొక్కుతాడు, లేస్తాడు, ఇంకో మూల నొక్కుతాడు. చివరికి మా దగ్గరికొచ్చి కూర్చున్నాడు.

"మీరు చదువుకున్నోళ్ళు, అడుగుతున్నా. ఆ సెల్లులో మస్తాన్ చెప్పింది నిజమేనంటారా?"

"చెప్పింది మస్తాన్ కాదండీ, వాళ్ళమ్మాయి," అన్నాను.

"అమ్మాయి ఇంగిలీషు మాకేం తెలుస్తదండి? ఎనకాల ఆయన చెప్పింది. మా బావమరిది తెనాలి నుంచి తెచ్చి ఇనిపించాడు."

సుభాషిణి చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. టీ కొట్టు దగ్గరి అతని మాట నాకప్పుడు గుర్తొచ్చింది.

చేతులు కడుక్కుని సుభాషిణి తన ప్లేయరు తీసింది. అందులో ఆ పాఠం ఉంది. కానీ సెల్ అయిపోయి అది వెలగలేదు. పక్క కొట్లో అడిగితే టార్చిలైటుకు వేసే లావు సెల్లులే ఉన్నాయి. మేం అటూ ఇటూ తిరుగుతుంటే శేషమ్మగారు ఇంట్లోకి వెళ్ళి, టీవీ రిమోట్ మూత ఊడదీసి, సన్న సెల్లు ఒకటి తెచ్చి చేతిలో పెట్టింది. "నా సీరియల్ టైముకి ఇచ్చెయ్యండమ్మా," అంది.

ఇయర్‌ఫోన్లలో ఒకటి సుభాషిణి, ఒకటి నేను చెవిలో పెట్టుకున్నాం. మొదట అంతా షమీమే. చక్కటి ఇంగ్లీషు, తడబడినా ఆగని ఇంగ్లీషు. చివరికొచ్చేసరికి విల్లు చప్పుడు ఆగింది. ఆమె మాటల వెనక, దూరంగా, ఒక మగ గొంతు ఎవరితోనో అంటోంది: "లాడ్జికి ఇరవై పరుపులు. పైన రెండు వేళ్ళ మందం బూరుగు దూది. లోపలంతా మిల్లు వేస్టు కుక్కెయ్యడమే. పడుకునేవాడికేం తెలుస్తది?" షమీం ఒక వాక్యం ముగించింది. పాఠం అయిపోయింది.

మిల్లు వేస్టంటే నూలు మిల్లుల్లో ఊడ్చి పారేసే దూది చెత్త. పరుపులు కుట్టేవాడి నోటినుంచి ఆ మాట ఊరు ఊరంతా వింది.

సుభాషిణి ముఖాన కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. "ఎన్నిసార్లు విన్నానక్కా దీన్ని! ఆ పిల్ల మాట ఎలా పలుకుతోందో అదే విన్నాను. వెనక ఇంకో మనిషి మాట్లాడుతున్నాడని నా చెవికెక్కలేదు." ప్లేయరు ఆపేసి, "ఇది పూర్తిది కాదు. షమీం ఇచ్చింది ఇంకా పొడుగుంది. ఎక్కువైందని చివర కత్తిరించేసి, అదే పేరుతో పాతదాని మీదే దాచేశాను. పాతది నా దగ్గర లేదు," అంది.

"ఆ చివర్లో ఏముంది?"

"ఏమో. అది కూడా షమీం మాటల కోసమే విన్నాను."

శేషమ్మగారు మా మొహాలు చూస్తూ కూర్చుంది. "మస్తానుకో అలవాటుందమ్మా," అంది నెమ్మదిగా. "పరుపంతా కుట్టి, చివర జానెడు కుట్టకుండా వదుల్తాడు. చెయ్యి పెట్టి చూసుకోండమ్మా అంటాడు. మేం నవ్వేసి కుట్టెయ్యి మస్తానూ అంటాం. ఎప్పుడూ పెట్టలేదు. ఈసారి మాత్రం ఈయన మోచేతి దాకా పెట్టి అడుగు నుంచి దూది పీకి చూశాడు."

"ఏం వచ్చింది?" అన్నాను.

"మంచి దూదే," అన్నాడాయన నేల చూస్తూ. "అయినా అనుమానం పోలేదండి."

"అంతసేపూ మస్తాన్ తలొంచుకు నిలబడ్డాడమ్మా. కూతురు చూస్తానే ఉంది. నిన్న మధ్యాహ్నం అన్నం కూడా తిన్లేదు," అంది శేషమ్మగారు.

ఇప్పుడు మాకున్న ఆశ ఒక్కటే, షమీం దగ్గరున్న ప్లేయరు. పూర్తి పాఠం అందులో మిగిలుండాలి. ఆ చివర్లో మస్తాన్‌ని కాపాడే మాట ఏదో ఉండాలి.

ఆ వేళకు రేపల్లెకు బస్సు లేదంటే, సాయంత్రం బాపట్ల లాడ్జిలో దిగాం. చేపల పులుసు బాగుందని అందరూ అన్నారు, నాకు రుచి తెలియలేదు. పరుపు మీద వాలితే వీపుకు ఉండలు ఉండలుగా తగిలాయి. ఇందులో ఏం కుక్కారో అనుకుంటూ పక్క మార్చాను.

రేపల్లె

శనివారం చెరుకుపల్లి మీదుగా బస్సు. కిటకిటలాడుతోంది. నాకు సీటు దొరకలేదు, పైగా చెప్పు తెగింది. కండక్టరు నా అవస్థ చూసి, "ఇటు కూర్చోండి పిన్నిగారూ," అని తన సీటు ఇచ్చాడు. మా వైపు కండక్టర్లు ఇలా పిన్నిగారూ అనరు, లోపలికి జరగమని కసురుతారు. మామూలు రోజైతే ఆ మాటకు పొంగిపోయేదాన్ని. అప్పుడు మాత్రం ఆ ప్లేయరు తప్ప మరేదీ నా బుర్రలో లేదు. పిల్ల విసురుగా గోడకేసి కొట్టి ఉంటే? తండ్రి కాలవలో పారేసి ఉంటే?

రేపల్లెలో స్టేషను దాటగానే టంగు టంగుమని విల్లు వినిపించింది. ఇల్లు ఎవరినీ అడగనక్కర్లేకపోయింది.

ఇంటి ముందు చాపల పందిరి కింద మస్తాన్ దూది ఏకుతున్నాడు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. జుట్టు మీద, కనుబొమల మీద దూది. మమ్మల్ని చూసి లేచాడు. కోపగించలేదు, రమ్మని నవ్వనూ లేదు. "కూర్చోండి మేడం," అని కుర్చీలు వేసి, లోపలికి కేకేసి టీ చెప్పాడు. తను మళ్ళీ కూర్చుని విల్లందుకున్నాడు. ఆ చప్పుడు మధ్య మేం ఏం మాట్లాడాలో తెలియక టీ తాగాం. గుమ్మంలో ఒక అమ్మాయి వచ్చి నిలబడింది. ఎవరూ చెప్పకుండానే షమీం అని తెలిసింది.

"మస్తాన్ గారూ, తప్పు నాది," అంది సుభాషిణి. "మీ మాట వినకుండానే నలుగురిలో పెట్టాను. అదీ సగం కత్తిరించి. మిగతా సగం దొరికితే అందరికీ వినిపిస్తాను. షమీం, నీ ప్లేయర్లో పూర్తిది ఉంది కదమ్మా?"

షమీం తల అడ్డంగా ఊపింది. "లేదు మేడం. ఆ వారమే తుడిచేశాను. కొత్త పాఠానికి చోటుండాలి, పాతవి తుడిచెయ్యండని మీరే చెప్పారు కదండీ."

చెప్పిన మాట వినే పిల్ల. సుభాషిణి కళ్ళు మూసుకుంది. విల్లు మాత్రం ఆగలేదు, టంగు, టంగు. ఆ చప్పుడుకి నా ఓర్పు నశించింది.

"మాకు జరిగింది తెలుసు, సిగ్గుపడుతున్నాం. కానీ మీరేంటండీ? మామీది కోపం పిల్ల చదువు మీద చూపిస్తారా? ఎల్లుండి పరీక్ష. ఆడపిల్లని ఇంట్లో కూర్చోబెడితే మీ పేరు తిరిగొస్తుందా?"

విల్లు ఆగింది. మస్తాన్ నా వంక చూశాడు. కేకలేస్తాడనుకున్నాను.

"ఆపింది నేను కాదమ్మా," అన్నాడు.

"నేనే రానన్నాను," అంది షమీం. "క్లాసులోకి వస్తంటే ఎనక బెంచీల్లోంచి 'మిల్లు వేస్టు వచ్చింది' అంటున్నారు మేడం. అది పర్లేదు. మా నాన్న మాటని పట్టుకెళ్ళి ఊరి మీదకి వదిలింది నేనే కదా. పిట్టలవానిపాలెంలో శేషమ్మగారి ఆయన పరుపులో చెయ్యి పెడుతుంటే నేను పక్కనే ఉన్నా. ఇంక ఏ మొహంతో వచ్చి ఇంగ్లీషు మాట్లాడను?"

"మరి నాన్న మానిపించాడని..." అంది సుభాషిణి.

"నేనే అట్టా చెప్పుకున్నానండి," అన్నాడు మస్తాన్. "పిల్ల ఏడ్చి మానేసిందంటే ఇంకా ఎక్కిరిస్తారు. తండ్రి మానిపించాడంటే ఊరుకుంటారు."

ఆ క్షణంలో నా మీద నాకే అసహ్యం వేసింది. కాసేపటికి అడిగాను, ఆ కత్తిరించిన చివర్లో ఆయన ఏమన్నాడో.

"ఏవుందమ్మా? లాడ్జి ఆయన పిలిపించి అట్టా కుట్టమన్నాడు. వచ్చి మా బావమరిదికి చెబుతున్నా. ఆ పని నా చేత్తో జరగదని చెప్పి వచ్చేశానని కూడా అన్నా. అదే పోయింది."

"ఆ మాట ఊళ్ళో చెప్పచ్చు కదండీ!"

"ఎవరికని చెప్పను? లాడ్జి ఆయన పెద్దోడు. ఆయన పేరెత్తి మళ్ళీ ఆ ఈదిలో ఉండగలనా? ఊరు మారితే పోద్ది అనుకున్నా. పిట్టలవానిపాలెంకి నాకంటే ముందే ఎళ్ళింది ఆ మాట."

లోపలినుంచి షమీం పెద్దమ్మ వచ్చి అందరి గ్లాసులూ తీసుకెళ్ళింది. మస్తాన్ కూతురి వంక చాలాసేపు చూశాడు. తర్వాత చేతులు దులుపుకుని, పంపు దగ్గరికి వెళ్ళి మొహం కడుక్కుని, చొక్కా గుండీలు పైదాకా పెట్టుకుని వచ్చాడు. ఫొటోకి కూర్చున్నట్టు కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

"పట్టమ్మా నా మాట," అన్నాడు కూతురితో.

షమీం ప్లేయరు తీసింది. చెయ్యి అడ్డం పెట్టాడు. "దాంట్లో కాదు. మేడంగారి ఫోన్లో పట్టు. ఫోన్లోనే కదా తిరిగింది."

షమీం కదల్లేదు. "వద్దు నాన్నా. లాడ్జి ఆయన ఊరుకోడు."

"పేరు చెప్పన్లే. పట్టు."

సుభాషిణి తన ఫోను ఆ పిల్ల చేతికిచ్చింది. షమీం వేలు బొత్తం మీద చాలాసేపు ఆగింది. నొక్కింది. మస్తాన్ గొంతు సవరించుకున్నాడు. మొదటి ముక్క రేడియోలోలా బిగుసుకుని వచ్చింది, తర్వాత మామూలైంది.

"నేను మస్తాన్. పరుపులు కుడతా. ముందు మీరు ఇన్నది నా గొంతే. మిల్లు వేస్టు పెట్టమన్నది ఎవరో ఆయనకి తెలుసు. నేను పెట్టలేదు. అనుమానమున్నోళ్ళు నా దగ్గరికి రండి, నేను కుట్టింది ఏ పరుపైనా సరే, కుట్టు ఇప్పి చూపిస్తా. ఇంకో మాట. మా అమ్మాయి షమీం సోమవారం పరీక్షకి వస్తంది. నవ్వాలనిపించినోళ్ళు ఆ పిల్ల ముందు కాదు, నా ముందుకొచ్చి నవ్వండి."

షమీం బొత్తం నొక్కి ఆపింది. తండ్రి మాట మన్నించిందో, మనసు మారిందో నాకు తెలియలేదు. లోపలికి వెళ్ళిపోయింది. మేం ముగ్గురం గుమ్మం వంక చూస్తూ కూర్చున్నాం. రైలు టైము దగ్గరపడుతోంది. సుభాషిణి గడియారం చూసుకోవడం కూడా మానేసింది. చివరికి ఆ అమ్మాయి పుస్తకాల సంచి భుజాన వేసుకుని వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఈ పరుపు అయిపోగానే అమ్మా నేనూ వస్తాం. ఎళ్ళు," అన్నాడు మస్తాన్. మేం వీధి మలుపు తిరక్కముందే విల్లు చప్పుడు మళ్ళీ మొదలైంది.

తెనాలి పాసింజరు

కిటికీ పక్కన షమీం, ఆమె ఎదురుగా మేమిద్దరం. నేను తెగిన చెప్పు చేతిలో పట్టుకుని కూర్చున్నాను. భట్టిప్రోలు దాటింది. నిమ్మతొనల బిళ్ళలమ్మే ఆవిడ వస్తే షమీం కోసం కొన్నాను, ఆ పిల్ల గుప్పిట్లో పట్టుకుందే గానీ తినలేదు. రానైతే వచ్చింది. సోమవారం ఆ క్లాసు గుమ్మం దాటగలదా అన్నది ఇంకా నన్ను తొలుస్తూనే ఉంది.

అప్పుడు వినిపించింది. వెనక సీట్లలోంచి, సెల్‌ఫోనులోంచి, టంగు టంగు, మీద ఇంగ్లీషు. నలుగురైదుగురు యువకులు గుమిగూడారు. "ఇప్పుడొస్తది చూడు," అన్నాడొకడు.

నేను లేవబోయాను. సుభాషిణి నా కొంగు పట్టి ఆపింది. మస్తాన్ గొంతు వచ్చింది, నవ్వులు పేలాయి. షమీం ముఖం కిటికీ వైపే ఉంది. మెడ మీద నరం కొట్టుకోవడం నాకు కనబడుతోంది. ఈ పిల్ల వచ్చే స్టేషన్లో దిగి వెనక్కి వెళ్ళిపోతుందనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను.

ఆమె గుప్పిట్లోని తొనలు నా ఒళ్ళో పెట్టి లేచింది. "మేడం, ఫోనొకసారి ఇవ్వండి," అంది. తీసుకుని ఆ సీట్ల దగ్గరికి వెళ్ళి నిలబడింది. నవ్వులు ఆగాయి.

"అన్నా, మీ దగ్గరున్నది సగమే. మిగతాది దీంట్లో ఉంది. బ్లూటూత్ ఆన్ చెయ్యండి, పంపిస్తా."

వాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. ఫోను పట్టుకున్న అతను ఏదో బొత్తం నొక్కాడు. రైలు ఊగుతోంది. పెట్టెలో ఉన్నవాళ్ళంతా అటే చూస్తున్నారు. షమీం సీటు అంచు పట్టుకుని, తెర మీద గీత నిండేదాకా కదలకుండా నిలబడింది. కాసేపటికి మస్తాన్ గొంతు పెట్టెంతా వినిపించింది, మొదట బిగుసుకుని, తర్వాత మామూలుగా. చివరి మాట దాకా ఎవరూ నోరెత్తలేదు.

అతను ఫోను కిందికి దించాడు. "ఈయన సరే," అన్నాడు తడబడుతూ. "ముందు దాంట్లో ఇంగ్లీషు మాట్లాడింది ఎవరండీ?"

"నేనే," అంది షమీం.